ఐదువందల ఏళ్ళకు రెండు తక్కువ

సోమవారం మా సెలూనుకు సెలవు. సెలవన్న మాటేగానీ నాకు ఆ రోజే పని ఎక్కువ. తెరమాచి వీధి జట్టంతా నా దుకాణంలో చేరుతుంది. నా కుర్చీల్లో కూర్చుని, నేను కాచిన బార్లీ టీ తాగుతూ, నేను కోసిపెట్టిన పొగబెట్టిన ముల్లంగి ఊరగాయ నములుతూ, రాబోయే బేస్‌బాల్ ఆటలో ఎవరు ఎక్కడ నిలబడాలో వాదించుకుంటుంది. వాదన అయ్యాక కాగితం మీద పేర్లు రాసేది మాత్రం నేను. రాసినవాళ్ళకే తిట్లు గనక ఆ పని ఇంకెవరూ ముట్టుకోరు. మా ఆయన తెరువో పోయి ఎనిమిదేళ్ళయింది. ఆయన నాకు వదిలిపోయినవాటిలో కత్తెరలు, కత్తులు, ఈ జట్టు ఉన్నాయి. కత్తులకైతే పదును పెట్టుకోవచ్చు.

మేం ఆడే పోటీకి ఒక పద్ధతి ఉంది. యాభై నిండనివాళ్ళు ఆడకూడదు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. మైదానంలో ఉన్న తొమ్మిదిమంది వయసులూ కలిపితే ఐదువందలకు తగ్గకూడదు. ఆట మధ్యలో మనిషిని మార్చినా ఆ లెక్క తప్పకూడదు. ఒక్క ఏడాది తగ్గిందా, ఓడినట్టే. అందుకని మా దగ్గర జట్టు ఎంచడమంటే ఎవడు బాగా కొడతాడు, ఎవడు బాగా పరిగెత్తుతాడు అని చూసుకోవడంతో అయిపోదు, ఎవడు ఎన్నేళ్ళు మోసుకొస్తాడో కూడా చూసుకోవాలి. యాభై ఒక్కేళ్ళ కుర్రాడు బాగానే ఆడతాడు. మా దగ్గర యాభై ఒకటంటే కుర్రాడే. కానీ వాడి వెనక ఏళ్ళు లేవు. వాడికి చోటు దొరకాలంటే ఆ పక్కనే ఎవరో ఒక ముసలాయన నిలబడి ఉండాలి.

మాకు ఆ ముసలాయన కిసబురో బావగారు.

మా ఆయనకు అన్నలాంటివాడు గనక నాకు బావగారయ్యాడు. తతామి చాపలు కుట్టడం ఆయన పని. నేలంతా పరిచే ఆ మందపాటి గడ్డి చాపల్ని మోకాళ్ళ మీద కూర్చుని, మోచేత్తో నొక్కి దారం బిగిస్తూ కుట్టడం పదిహేనో ఏట మొదలుపెట్టాడు. నలభై మూడేళ్ళ కిందట మా వీధిలో జట్టు కట్టినప్పుడు, బ్యాట్ పట్టినవాడి వెనక గొంతుక్కూర్చుని బంతి పట్టుకునే క్యాచర్ పనికి ఎవరూ ముందుకు రాలేదు. రోజంతా మోకాళ్ళ మీద ఉండేవాడివి, ఇంకో రెండు గంటలు కూర్చోలేవా అని ఆయన్ని పట్టుకొచ్చి కూలేశారు. ఆయన వద్దనలేదు. నోట్లో నాలుక లేని మనిషి. బంతి విసిరేది మా ఆయన, పట్టుకునేది ఆయన. అవతలి జట్టువాడు సందు చూసుకుని ఒక బేసునుంచి తర్వాతి బేసుకు పరిగెత్తి దొంగిలించబోతే, లేచి అక్కడికి బంతి విసిరి ఆపాల్సిందీ ఆయనే. ముప్ఫై అయిదేళ్ళు వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ గడిపారు. నాకూ మా ఆయనకూ అన్ని గంటల చూపులు లేవు.

జట్టులో ఎవరి చేతితొడుగు చిరిగినా తతామి సూదితో, తతామి దారంతో ఆయనే కుట్టిపెడతాడు. ఆయన సొంత తొడుగు ఎన్నిసార్లు కుట్టుకున్నాడంటే, కొన్ననాటి తోలు అరచేతి దగ్గర తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. ఈ పదేళ్ళలో అందరి ఇళ్ళకూ చెక్క నేలలొచ్చాయి. ఇప్పుడు ఆయనకు గుడివాళ్ళు, స్టేషన్ దగ్గర సత్రంవాళ్ళు తప్ప పని ఇచ్చేవాళ్ళు లేరు. ఆయన మాత్రం పొద్దున్నే ఆ గడ్డి ముందు కూర్చుంటూనే ఉన్నాడు.

ఈ జనవరిలో ఆయనకు డెబ్బై ఏడేళ్ళ పండగ చేశాం. ఊదారంగు దిండు మీద కూర్చోబెట్టి, ఊదారంగు చేతుల్లేని కోటు తొడిగి, ఎర్రచిక్కుళ్ళ అన్నం తిన్నాం. ఆ పొద్దున ఆయన జుట్టు కత్తిరించింది నేనే. అందుకని ఆయన వయసు మా అందరి బుర్రల్లోనూ మేకు కొట్టినట్టు ఉండిపోయింది. డెబ్బై ఏడు.

ఆగస్టు ఆఖరి సోమవారం పొద్దుణ్ణించీ వాన. బావగారు కుర్చీలో వెనక్కి వాలి పడుకుని ఉన్నాడు. మొహం మీద వేడి తువ్వాలు. ఆయన గడ్డం గీయించుకునేది సోమవారమే, అదీ ఈ గోల మధ్యలోనే. తువ్వాలు వేస్తే నిద్రపోతాడని అందరికీ ఓ నమ్మకం. నేను నురగ కలుపుతున్నాను.

"పోయినేడు పదకొండుమంది," అన్నాడు కుమగాయ్. సోబా నూడుల్స్ దుకాణం ఆయనదే. డెబ్బై ఏళ్ళు. భుజం పోయింది, నోరు పోలేదు. "పదకొండుమంది మన మీద రెండో బేసు దొంగిలించారు. పెద్దాయన లేచి బంతి విసిరేలోపు వాళ్ళక్కడ నిలబడి బట్టలు దులుపుకుంటున్నారు."

"విసిరాడుగా మరి," అన్నాడు షిందో. మునిసిపల్ ఆఫీసులో పని చేస్తాడు, లెక్కలు వేసేది అతనే. క్యాలెండర్ వెనక పేర్లు రాసుకుంటున్నాడు.

"విసిరాడు. ఆ బంతి ఊరంతా చూసుకుంటూ తాపీగా వెళ్ళింది."

నవ్వారు. నేను తువ్వాలు తీసి నురగ పూయడం మొదలుపెట్టాను. బావగారి కళ్ళు మూసే ఉన్నాయి.

"కొన్నోను కూర్చోబెడదాం క్యాచర్‌గా," అన్నాడు కుమగాయ్. "వాడికింకా మోకాళ్ళున్నాయి."

"నేను మూడో బేసు దగ్గర బాగానే ఉన్నాను," అన్నాడు కొన్నో. పోస్టాఫీసు ఉద్యోగి, యాభై ఒకటి, మా అందరిలోకీ మంచి ఆటగాడు.

"నిన్నెవరడిగారు?"

"నా పేరే చెప్పావు కదా కుమగాయ్ మామా."

"చెప్పాను. అడగలేదు. మూడో బేసుకు షిందో వెళ్తాడు."

"పెద్దాయన్ని ఏం చేద్దాం మరి?" అన్నాడు షిందో.

"కుడి మూల. అంత దూరం బంతి కొట్టేవాడు ఈ జిల్లాలో లేడు, కొట్టినా అటు కొట్టడు. మనకు ఆయన మోకాళ్ళెందుకయ్యా, కావాల్సింది ఆయన డెబ్బై ఏడు. కుర్చీ వేసి కూర్చోబెట్టినా డెబ్బై ఏడు డెబ్బై ఏడే."

మళ్ళీ నవ్వారు. అప్పటికి నా కత్తి బావగారి గొంతు మీద ఉంది. కత్తి కింద ఆయన గుటక వేశాడు. ఆ ముడి పైకి లేచి కిందికి దిగడం నా వేళ్ళకు తెలిసింది. నిద్రపోయేవాడు అలా మింగడు. నేను చెయ్యి ఆపేశాను.

"కుమగాయ్, నోరు కాస్త కట్టుకో," అన్నాను.

"నిద్రపోతున్నాడులే వదినా. ఏం షిందో, ఎంతొచ్చింది?"

షిందో రెండుసార్లు కూడాడు. "పెద్దాయన డెబ్బై ఏడు, నాది యాభై ఎనిమిది, కొన్నో యాభై ఒకటి, మిగతా ఆరుగురు మూడువందల పద్నాలుగు. సరిగ్గా ఐదువందలు. ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు."

"చూశారా, కొలిచి కుట్టినట్టుంది. నా భుజానికీ శ్రమ తప్పింది. నేను బయట కూర్చుని అరుస్తాను."

"అది ఎప్పుడూ ఉన్నదేగా," అన్నాడు కొన్నో.

నేను ఆ తొమ్మిది పేర్లూ కాగితం మీద రాశాను. క్యాచర్, కొన్నో. కుడి మూల, తొజావా కిసబురో. వాదించే ఓపిక నాకు లేకపోయింది. నిజం చెప్పాలంటే కుమగాయ్ అన్నదాంట్లో తప్పూ లేదు. పోయినేడు ఆ పదకొండు దొంగతనాలూ స్కోరు పుస్తకంలో రాసింది నేనే కదా. అయినా ఆ గొంతు గుటక నా వేళ్ళ మీదే ఉండిపోయింది.

గడ్డం అయ్యాక బావగారు లేచి, మొహం తుడుచుకుని, చెప్పులు వేసుకున్నాడు. తలుపు దగ్గర ఆగి అడిగాడు.

"తొమ్మిదో నంబరు చొక్కా ఎవరి దగ్గరుంది?"

కుడి మూలవాడి నంబరు తొమ్మిది. క్యాచర్‌ది రెండు. 

"నా దగ్గర," అన్నాడు షిందో చివరికి.

"తీరిక దొరికినప్పుడు పంపించు," అని గొడుగు తెరుచుకుని వెళ్ళిపోయాడు.

కుమగాయ్ మొహం మాడిపోయింది. "విన్నాడంటావా వదినా?"

"గడ్డమే గీశాను, చెవులు కోయలేదు," అన్నాను.

ఈ ఏడు పోటీ పెట్టేవాళ్ళు కొత్త నిబంధన ఒకటి తెచ్చారు. పేర్లతో పాటు ప్రతివాడి ఆరోగ్య బీమా కార్డు నకలూ పంపాలి, నిండిన ఏళ్ళే చెల్లుతాయి. బుధవారం మధ్యాహ్నం గిరాకీ లేని వేళ చూసుకుని ఒక్కొక్కరి దగ్గరికీ తిరిగాను. బావగారి దగ్గరికి ఆఖరున వెళ్ళాను, కావాలనే. మొహం ఎలా చూపించాలో తెలియలేదు.

ఆయన గుడివాళ్ళ చాపకు అంచు కుడుతున్నాడు. పచ్చి గడ్డి వాసన గదంతా నిండి ఉంది. గోడ పక్క బల్ల మీద రెండో నంబరు చొక్కా మడతపెట్టి ఉంది. నంబరు ఊడదీసేశాడు. బట్ట మీద ఆ రెండు ఆకారంలో సూది రంధ్రాలు మాత్రం మిగిలాయి.

"కార్డు కావాలి బావగారూ. పేర్లతో పంపాలట."

"ఈ వరస అయిపోనీ."

వరస అయ్యేదాకా గట్టు మీద కూర్చున్నాను. అయింది. ఇంకో వరస మొదలుపెట్టాడు.

"కోపమొచ్చిందా?" అన్నాను.

"ఎవరి మీద? కుమగాయ్ చెప్పింది నిజమే. నా విసురు నాకు తెలియదా."

"మరి ఆ నంబరు అప్పుడే ఊడదీయాలా?"

ఆయన దారం మోచేతికి చుట్టి బిగించాడు. "కుడి మూలనుంచి ఏం కనిపిస్తుందా అని ఆలోచిస్తున్నాను ఫుసాయె."

"ఏం కనిపిస్తుంది? ఆట కనిపిస్తుంది."

"వీపులు," అన్నాడు. "మైదానంలో ఎనిమిదిమంది ఒక్క వైపే చూస్తూ నిలబడతారు. క్యాచర్ ఒక్కడే వాళ్ళకు ఎదురుగా ఉంటాడు. నలభై మూడేళ్ళు నేను మనవాళ్ళందరి మొహాలూ చూస్తూ బతికాను. ఎవడు జ్వరంతో వచ్చాడు, ఎవడు ఇంట్లో తగాదా పడి వచ్చాడు, ఎవడికి దుకాణం నడవడం లేదు, ఎవరూ చెప్పకుండానే నాకు తెలిసేది. ఇప్పుడు అంత దూరం వెళ్ళి వీపులు చూస్తూ నిలబడాలి."

ఆయన అంత పొడుగు మాట మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. తెరువో జబ్బు సంగతి మొదట కనిపెట్టింది ఈయనే. బంతి విసిరేముందు మీవాడి పెదవులు తెల్లబడుతున్నాయి, ఆసుపత్రికి తీసుకెళ్ళు అని నాతో చెప్పాడు. రోజూ పక్కనే పడుకునే నాకు కనిపించలేదు. అప్పటికే ఆలస్యమైంది, అది వేరే సంగతి. ఆయన చెప్పబట్టే నాకు మా ఆయనతో ఇంకో పద్నాలుగు నెలలు దొరికాయి. అలాంటి మనిషిని నా చేత్తోనే కుడి మూలకు రాసిపడేశాను. నాకు సిగ్గేసింది.

సిగ్గు కప్పుకోవడానికి వెటకారం చేశాను. "నా బతుకంతా వీపుల వెనకే గడిచింది బావగారూ. ఈ వీధిలో ఏ మెడ చూపించినా పేరు చెప్తాను. నాకేం తక్కువైంది?"

"నీకు అద్దం ఉంది కదా," అన్నాడు.

 ఆయన సూది గుచ్చిపెట్టి, లేవడానికి రెండు చేతులూ నేలకు ఆనించి, మెల్లగా లేచి, సొరుగులోంచి కార్డు తెచ్చి ఇచ్చాడు. పుట్టిన తేదీ చూశాను. షోవా ఇరవై రెండో ఏడు, అంటే పంతొమ్మిదివందల నలభై ఏడు, డిసెంబరు ఇరవై అయిదు. వేళ్ళ మీద లెక్కపెట్టాను. మళ్ళీ పెట్టాను. మూడోసారి ఆయన సుద్దముక్క తీసుకుని నేల మీద రాసుకున్నాను.

"బావగారూ, మీకు డెబ్బై అయిదు."

"అవును."

"మరి జనవరిలో పండగ చేశాం కదా, డెబ్బై ఏడని."

"పండగ నడిచే ఏటికి చేస్తారు. పెద్దవాళ్ళ లెక్క. పుట్టగానే ఒకటి, కొత్త సంవత్సరం రాగానే ఇంకోటి. వారం రోజుల పిల్లవాడిగా ఉన్నప్పుడే నాకు రెండేళ్ళు వచ్చాయనేది మా అమ్మ. నిండిన లెక్కకైతే ఈ డిసెంబరు దాకా డెబ్బై అయిదే."

ఈ లెక్క నాకు తెలియనిదా? మా అత్తగారికీ మా మామగారికీ అలాగే పండగలు చేశాను. పండగ వయసును పట్టుకెళ్ళి పోటీ కాగితం మీద రాశాను చూడండి, నా బుర్రకు బూజు పట్టిందని ఆ రోజు రూఢి అయింది. ఐదువందలనుకున్న జట్టు నాలుగువందల తొంభై ఎనిమిదికి దిగిపోయింది.

"సోమవారమే ఎందుకు చెప్పలేదు? మీరు మెలకువగానే ఉన్నారు. కూడుతుంటే విన్నారు."

ఆయన కిటికీలోంచి వాన కేసి చూశాడు.

"ఏం చెప్పమంటావు? మోకాళ్ళు వద్దన్నారు, డెబ్బై ఏడు చాలన్నారు. ఆ డెబ్బై ఏడు కూడా లేదంటే ఇంక నా దగ్గర ఏముందని ఉంచుకుంటారు? కార్డు అడుగుతావని తెలుసు. అడిగేదాకా ఉందామనుకున్నాను."

నేను కార్డు సంచిలో వేసుకుని బయటికొచ్చాను. గొడుగు అక్కడే మరిచిపోయి తడుస్తూ నడిచాను. కళ్ళు తుడుచుకోవడానికి వాన పనికొచ్చింది.

మర్నాడు సాయంత్రం, దుకాణం కట్టేసే వేళకు అందరినీ పిలిచి ఉన్న సంగతి చెప్పాను. తప్పు నాదేనన్నాను. బావగారిని పిలవలేదు. షిందో క్యాలెండర్ వెనక్కి తిప్పి మళ్ళీ కూడాడు.

"రెండేళ్ళు తక్కువ. బయట మిగిలింది కుమగాయ్ మామ ఒక్కడే. ఆయన దిగక తప్పదు."

"నేనా?" అన్నాడు కుమగాయ్. "నా భుజం సంగతి తెలిసే మాట్లాడుతున్నావా? దుకాణంలో గిన్నె అందించడానికే ఎడమచెయ్యి వాడుతున్నాను."

"కుడి మూలన నిలబడు మామా," అన్నాడు కొన్నో. "అటు బంతి రాదు కదా."

"పెద్దాయన్ని తీసేసి నన్ను పెడితే?"

"ఇంకా అయిదు తగ్గుతుంది. ఇద్దరూ ఉండాలి," అన్నాడు షిందో.

"అయితే పెద్దాయన కుడి మూలన, నేను..." అని కుమగాయ్ ఆగిపోయాడు. ఎక్కడ నిలబడతాడు? దాచిపెట్టడానికి మైదానంలో అలాంటి మూల ఒక్కటే ఉంది. మిగతా ప్రతిచోటా బంతి విసరాలి. టీ గ్లాసు తిప్పుకుంటూ కూర్చున్నాడు. తన మాట తన మెడకే చుట్టుకున్న మనిషిని చూసి నవ్వాలనిపించింది గానీ నవ్వే ఓపిక కూడా లేదు నాకు.

కొన్నో నెమ్మదిగా అన్నాడు. "పెద్దాయనకు తెలిసింది ఒక్క చోటే. ఆయన్ని అక్కడ పెట్టండి. నేను మూడో బేసుకు వెళ్ళిపోతాను."

"పదకొండు దొంగతనాలు," అన్నాడు కుమగాయ్. గొంతులో ముందటి ఊపు లేదు.

"ఈసారి పన్నెండు అవుతాయి. ఏమవుతుంది?" అన్నాడు షిందో. "నేను బయట కూర్చుంటాను వదినా. నన్ను తీసి మామను వేస్తే ఐదువందల పది. రాసెయ్."

రాశాను. క్యాచర్, తొజావా కిసబురో. ఆ కాగితం పట్టుకుని నేనే వెళ్ళి చూపించాను. ఆయన దాన్ని కిటికీ వెలుతురులో పెట్టి చదివాడు, మడిచి తిరిగి ఇచ్చాడు. సంతోషపడ్డాడో లేదో చెప్పలేను. ఆదివారం పొద్దున మైదానానికి వచ్చినప్పుడు మాత్రం చొక్కా వీపు మీద రెండో నంబరు ఉంది. పాత రంధ్రాల్లోంచే తతామి దారంతో కుట్టుకున్నాడు.

వాన వెలిసి ఎండ కాసింది. నదికి అవతలి ఊరి జట్టుతో ఆట. మొదటి ఇన్నింగ్స్‌లో ఒక దొంగతనం. రెండులో లేదు. మూడులో రెండు. బావగారు ప్రతిసారీ లేచి విసురుతూనే ఉన్నాడు, బంతి రెండు గెంతులేసి ఆలస్యంగా చేరుతూనే ఉంది. కుడి మూలనుంచి కుమగాయ్, "బాగుంది పెద్దాయనా, ఈసారి దగ్గరికొచ్చింది," అని అరుస్తున్నాడు. పాపం, ప్రాయశ్చిత్తం చేసుకుంటున్నాడు. నాలుగో ఇన్నింగ్స్ అయ్యేసరికి చెరి నాలుగు పరుగులతో సమానంగా ఉన్నాం. అది మాకు ఎక్కువే.

అయిదో ఇన్నింగ్స్ మధ్యలో ఒక బంతి పట్టుకుని బావగారు లేవబోయాడు. లేవలేకపోయాడు. ఒక చెయ్యి నేల మీద ఆనించి అలాగే ఉండిపోయాడు. అంపైర్ వంగి ఏదో అడిగాడు. నేను బెంచీ మీదినుంచి లేచాను, షిందో నా చెయ్యి పట్టుకున్నాడు.

"వదినా, ఆయన్ని బయటికి తెస్తే నేను వెళ్ళాలి. నేను వెళ్తే నాలుగువందల తొంభై మూడు. ఓడినట్టే."

"ఓడితే ఓడదాం," అన్నాను.

ఈలోగా కొన్నో పరుగెత్తి వెళ్ళి ఆయన్ని లేపాడు. బావగారు మొహానికున్న జాలీ తీసి చంకలో పెట్టుకున్నాడు. మొదటి బేసు దగ్గర్నించి మొదలుపెట్టి ఒక్కొక్కరినీ చూశాడు. బంతి విసిరేవాణ్ణి, మూడో బేసు వైపు, దూరంగా ఎడమ మూల, మధ్య, కుడి మూల. తొందర లేదు. అంపైర్ కూడా తొందరపెట్టలేదు. అందరూ ఆయన వైపే చూస్తున్నారు, ఎప్పట్లాగే.

తర్వాత నా వైపు తిరిగాడు. "ఫుసాయె, నేను కుడి మూలకు వెళ్తాను. కొన్నో ఇక్కడికి, కుమగాయ్ మూడో బేసుకు. ఎవరూ బయటికి పోరు. లెక్క మారదుగా?"

"మారదు," అన్నాను. 

ఆయన జాలీ కొన్నో తలకు తొడిగి, కాళ్ళకు కట్టుకున్నవి విప్పి ఇచ్చి, కుడి మూలకు బయలుదేరాడు. అది చాలా దూరం. కుమగాయ్ ఎదురొచ్చి దగ్గర ఆగాడు, టోపీ తీశాడు. బావగారు ఆయన మంచి భుజం మీద తట్టి ముందుకు సాగాడు. అక్కడికి చేరి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని మా అందరి వైపూ తిరిగి నిలబడ్డాడు. మావాళ్ళు ఒక్కొక్కరే బ్యాట్ వైపు తిరిగారు.

తొమ్మిది నాలుగుతో ఓడిపోయాం. మూడో బేసు దగ్గరకొచ్చిన బంతులన్నీ కుమగాయ్ పట్టాడు. ఒక్కటీ మొదటి బేసుకు చేర్చలేకపోయాడు. కుడి మూలకు చివరిదాకా ఒక్క బంతీ రాలేదు.

మరుసటి సోమవారం ఎవరూ రాలేదు. ఓడిన వారం ఎప్పుడూ రారు. బావగారు ఒక్కడే కర్ర పట్టుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. వాల్చబోతే వద్దన్నాడు, మోకాలు చాచలేనన్నాడు. కూర్చునే ఉండగా జుట్టు కత్తిరించడం మొదలుపెట్టాను.

"ఎలా ఉంది కుడి మూల?" అని అడిగాను. అడక్కుండా ఉండాల్సిందేమో.

గుడ్డ కింద ఆయన చెయ్యి మోకాలిని నిమిరింది.

"అందరూ ముసలివాళ్ళయిపోయారు ఫుసాయె."

నా కత్తెర ఆగింది.

"ఎదురుగా కూర్చున్నన్నాళ్ళూ నాకు తెలియలేదు," అన్నాడు. "మొహాలు నవ్వుతాయి, అరుస్తాయి, తిడతాయి. వాటిని చూస్తే నలభై మూడేళ్ళ కిందటివాళ్ళే అనిపిస్తుంది. వెనకనుంచి చూశాను. కుమగాయ్ భుజం ఒకటి ఎంత కిందికి జారిపోయిందో. కొన్నో కూడా నడుం పట్టుకుని లేస్తున్నాడు. వాడికి యాభై ఒకటే కదా."

"అవును."

"నువ్వు రోజూ ఇదే చూస్తున్నావా?"

"రోజూ."

"ఎలా చూస్తున్నావు?"

"చేతిలో పని ఉంటుంది కదా," అన్నాను. "కత్తిరిస్తూ చూస్తాను."

ఆయన తల ఊపాడు. నేను తల పట్టుకుని కదలొద్దన్నాను. మెడ మీద వెంట్రుకలు గీశాను, దులిపాను, గుడ్డ విప్పాను.

"వచ్చే ఏడు నన్ను తొమ్మిదికే రాయి," అన్నాడు. "డెబ్బై ఆరు. నిండినవే రాయి. పండగ లెక్కలు రాయకు."

"రాయను."

పని అయ్యాక చేతి అద్దం తీసి వెనక పట్టుకుని, మెడ ఎలా కుదిరిందో చూపించడం మా వృత్తి మర్యాద. నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా బావగారు చూసింది లేదు. నేను అద్దం అందుకునేలోపే చాల్లే అని లేచి వెళ్ళిపోయేవాడు. ఆ అలవాటుకు నేను అద్దం తీయడమే మానేశాను.

ఆ రోజు ఆయన లేవలేదు.

"నాది కూడా చూపించు," అన్నాడు.

అద్దం తీసి తుడిచి, ఆయన వెనక పట్టుకున్నాను. ఆయన చాలాసేపు చూశాడు. నా చెయ్యి నొప్పి పుట్టింది గానీ దించలేదు.

"సరే," అని చెప్పి కర్ర అందుకున్నాడు.